ఆడవాళ్ల వైపు దూకిన మనిషి

మా బావ నతానియేలు ఆళ్లగడ్డలో మూడో తరగతి అయ్యవారు. మా అక్క జీవరత్నం అదే బళ్లో ఒకటో తరగతి చెప్పేది. బడికి ఇద్దరూ కలిసే పోయేవాళ్లు. సైకిలు ఉండేది గానీ, మొగుని వెనక క్యారియరు మీద కూర్చోవడం అక్కకు సిగ్గు. అందుకని ఆయన సైకిలు తొక్కకుండా, తోసుకుంటూ ఆమె పక్కనే నడిచేవాడు. ఎండలోనూ అంతే, వానలోనూ అంతే. అట్లయితే సైకిలెందుకప్పా అని వీధిలో వాళ్లు నవ్వితే, పుస్తకాల సంచి మొయ్యడానికి అనేవాడు.

తాగడు, బీడీ ముట్టడు, పేకాట తెలీదు. ఆయనకున్న పిచ్చి ఒక్కటే, సినిమా హీరో శశిభూషణ్. పెళ్లయిన కొత్తలో అక్క ఆయన ట్రంకుపెట్టె సర్దబోతే బట్టల కింద శశిభూషణ్ ఫోటోలు యాభై దాకా బయటపడ్డాయంట. ఆడదాని ఫోటో అయితే ఏడ్చేదాన్ని, మొగోని ఫోటోలకు ఏం చెయ్యాలో తోచలేదు అని మా అమ్మతో చెప్పి నవ్వింది.

ఆ పిచ్చి ఎందుకు పట్టిందో ఒకసారి నాకు చెప్పాడు. శశిభూషణ్ ఒక సినిమాలో పల్లెటూరి బడిపంతులు వేషం వేశాడు. బావ వాళ్ల నాయన రెడ్ల పొలాల్లో జీతానికి ఉన్న మనిషి. కొడుకు చదివి అయ్యవారయితే, ఊళ్లో ఎవరూ ఆ మాట నోటితో పలకలేదు. ఫలానా వాని కొడుకు అనేవాళ్లు, పేరు పెట్టి పిలిచేవాళ్లు. అయ్యవారూ అని మాత్రం అనలేదు. ఆ సినిమా టూరింగు టాకీసులోకి వస్తే బావ వాళ్ల నాయనను తీసుకుపోయాడు. ఇంటికి తిరిగి వచ్చినాక ఆ ముసలాయన ఇంటి తడిక తీసి పక్కకు నిలబడి, "రా అయ్యవారూ" అన్నాడంట.

"ఆ ఒక్క మాట ఇప్పించినాడు సుందరా ఆయన నాకు. ఇంగేం కావాల," అన్నాడు బావ.

డెబ్బై ఒకటిలో ఏడుగురితో ఆళ్లగడ్డ అభిమాన సంఘం పెట్టాడు. హీరో పుట్టినరోజుకు వేరే ఊళ్లలో టపాకాయలు కాలిస్తే, వీళ్లు బళ్లో పిల్లలకు పలకలు పంచేవాళ్లు. ప్రతి ఏడూ ముత్యాల్లాంటి అక్షరాలతో మద్రాసుకు ఒక ఉత్తరం రాసేవాడు. చర్చిలో పాటల గుంపుకు ఆయనే పెద్ద. గొంతు అంత బాగుండేది. సినిమా సంఘానికి పెద్దగా ఉన్న మనిషి దేవుని పాటలకు కూడా పెద్దగా ఉండటం బాగలేదని చర్చి పెద్దలు మాట్లాడుకున్నారు. ఏదో ఒకటి వదులుకొమ్మని పాస్టరయ్య పిలిచి చెప్పాడు. బావ వాదించలేదు. పాటల పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టి, వందనాలు చెప్పి వచ్చాడు. తర్వాత ఆదివారం నుంచి చివరి వరసలో కూర్చుని అక్కణ్ణుంచే పాడేవాడు. దానికి మాత్రం అక్క ఒక నెల ఆయనతో సరిగా మాట్లాడలేదు.

డెబ్బై ఎనిమిది వేసవిలో నంద్యాలలో రాయలసీమ అభిమాన సంఘాల మహాసభ అన్నారు. శశిభూషణ్ స్వయంగా వస్తాడన్నారు.

నేనప్పుడు నంద్యాలలోనే నూనె మిల్లులో పని చేస్తున్నాను. నాకు ఇరవై రెండు. కబడ్డీ ఆడి ఒళ్లు గట్టిపడి ఉండేది. నంద్యాల సంఘానికి అధ్యక్షుడు జనార్దనం, బట్టల అంగడి వాళ్ల అబ్బాయి. ముప్పై ఏళ్లుంటాయి. చెడ్డ మనిషి అని ఈరోజుకీ నేను చెప్పలేను. భయపడిన మనిషి. అంతకుముందు సంవత్సరం వేరే ఊళ్లో జనం హీరో మీద పడి చొక్కా చించారు. వేలి ఉంగరం లాగితే చర్మం కూడా లేచి వచ్చిందంట. అందుకని మద్రాసు నుంచి ఆయన మేనేజరు గట్టిగా రాశాడు. పది అడుగుల లోపలికి ఎవరు వచ్చినా కారు వెనక్కి తిప్పుతాం అని. జనార్దనం ఆ ఉత్తరం జేబులో పెట్టుకుని తిరిగేవాడు. అరవై మంది బలమైన కుర్రవాళ్లు కావాలని అన్ని సంఘాలకూ కబురు పంపాడు. మా బావ నా పేరు రాసి పంపాడు. "మా బావమరిది. నమ్మకస్తుడు. బలమైన మనిషి," అని ఆ చీటీలో ఉంది. నేను చదివాను.

మాకు పది రోజులు సాయంత్రం పూట తాలీంఖానాలో శిక్షణ. నేర్పింది ఓబులేసు అనే కుస్తీ ఉస్తాదు. వెదురు కట్టెలు ఇచ్చాడు. కట్టె ఎట్ల పట్టుకోవాలో, వరసగా భుజం భుజం ఆనించి ఎట్ల నిలబడాలో చూపించాడు. జనమంటే మనిషి కాదప్పా, నీళ్ల మాదిరి, గండి పడితే కట్టలేము, పడకముందే ఆపాల అనేవాడు. ముందు మోకాళ్ల కింద కొట్టాలి, ఆగకపోతే భుజం మీద. తల మీద వద్దు అని మొదటి రోజు ఒకసారి చెప్పాడు. మళ్లీ ఆ మాట ఎవరూ ఎత్తలేదు.

పదో రోజు జనార్దనం వచ్చి మాకు తెల్ల చొక్కాలు, చేతికి కట్టుకునే ఎర్ర గుడ్డలు పంచాడు. తాడు దాటిన వాడు ఎవడైనా సరే, మన సంఘం మనిషైనా సరే, ఎందుకని అడగొద్దు, కొట్టండి, తర్వాత నేను చూసుకుంటా అన్నాడు. మేము తలలు ఊపాము. నిజం చెప్పాలంటే నాకు గర్వంగా ఉండింది. ఆ చొక్కా వేసుకుని, మిల్లు దగ్గరికి అవసరం లేకపోయినా రెండుసార్లు పోయి వచ్చాను.

మహాసభ ఆదివారం. ఆళ్లగడ్డ నుంచి మొదటి బస్సుకే బావ, అక్క వచ్చారు. వాళ్ల చిన్న పాపను ఇంట్లో మా బావ వాళ్ల అమ్మ బాలమ్మ దగ్గర వదిలారు. అక్క అట్లాంటి సభకు రావడం అదే మొదలు. వేదిక మీద ప్రతి ఊరి అధ్యక్షుడూ తన సంఘం చేసిన పని రెండు మాటల్లో చెప్పాలని ఏర్పాటు. బావ పలకల సంగతి చెప్పబోతున్నాడు. ఆ రెండు మాటలూ వినడానికే అక్క వచ్చింది. ఇస్త్రీ చేసిన తెల్ల పంచె, చొక్కా, దాని మీద ప్రతినిధి బిళ్ల. ఆయన కాగితం మళ్లీ మళ్లీ విప్పి చదువుకుంటా ఉంటే అక్క నవ్వి, "నీ పిల్లోళ్ల ముందర మాట్లాడినట్లే మాట్లాడు," అన్నది.

మైదానం ఊరి బయట. వేదికకు ఎదురుగా ప్రతినిధులు, ఎడమవైపు తాళ్లు కట్టి ఆడవాళ్లకు చోటు. మిగతా అంతా జనం. నన్ను పడమటి గేటు దగ్గర తాడు వెనక నిలబెట్టారు. వేదికకు అది చాలా దూరం. పదకొండుకు రావాల్సిన హీరో పన్నెండైనా రాలేదు, రెండయినా రాలేదు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి లారీలు దిగుతానే ఉన్నాయి. ఐదు వేలు అనుకుంటే ఇరవై వేలు వచ్చారని తర్వాత చెప్పుకున్నారు. మే నెల ఎండ. మధ్యాహ్నానికే తొట్లలో నీళ్లు అయిపోయాయి. మాకు మాత్రం కుండలో మజ్జిగ వచ్చింది. జనం చూస్తూ ఉంటే తాగాము.

నాలుగు గంటలకు కారు వచ్చింది. దుమ్ము లేచింది గానీ మనిషి కనపడలేదు. అప్పుడే ఎవరు పుట్టించారో, మాట్లాడకుండానే పోతాడంట అనే మాట గుంపులో పాకింది. పొద్దున్నుంచి ఎండలో నిలబడిన జనం ఒక్కసారి ముందుకు తోశారు. ఓబులేసు ఈల ఊదాడు.

నేను కొట్టాను.

మొదటి దెబ్బ కష్టం. రెండోది అంత కష్టం కాదు. ఆ తర్వాత చెయ్యి తనంతట తానే లేస్తుంది, పడుతుంది. మోకాళ్లు, భుజాలు అన్న లెక్క నాకు లేదు. ఎదురుగా పడుతున్న వాళ్లను చూస్తే భయం పోయి లోపల ఏదో పొంగింది. దాన్ని సంతోషం అనడానికి నాకు నోరు రాదు గానీ, వేరే పేరు కూడా తెలీదు.

ఒక పెద్దాయన, యాభై దాటినవాడు, తాడు కింద నుంచి వంగి లోపలికి వచ్చాడు. రెండు చేతులూ పైకెత్తి నాకేసి చూశాడు. "అప్పా, నా కొడుకు లోపలుండాడప్పా, ఊపిరాడదు వానికి," అన్నాడు. నా భుజం పక్క నుంచి లోపలికి చూసి "మద్దిలేటీ" అని పిలిచాడు. నేను కొట్టాను. మెడకూ భుజానికీ మధ్య కటుక్కుమన్న చప్పుడు కట్టె గుండా నా చేతిలోకి వచ్చింది. ఆయన కూర్చుండిపోయాడు. కూర్చుని కూడా లోపలికే చూస్తున్నాడు. నేను పక్కవాని మీదికి పోయాను.

అదే సమయంలో వేదిక దగ్గర జరిగింది నేను చూడలేదు, అక్క చెప్పగా విన్నదే. వెనక నుంచి తోపు వచ్చి ఆడవాళ్ల చోటు ఒక మూలకు నలిగిపోయింది. అక్క కింద పడింది. ఆమె మీద ఇంకో ఇద్దరు పడ్డారు. ప్రతినిధుల వరసలో కూర్చున్న బావ అది చూశాడు. కాగితం జేబులో పెట్టుకుని, తాడు దాటి ఆడవాళ్లలోకి దూకాడు. పైన పడిన వాళ్లను లేపి, అక్క చెయ్యి పట్టుకుని లాగుతూ ఉన్నాడు. ఎర్ర గుడ్డలు కట్టుకున్న నలుగురు పరుగెత్తి వచ్చారు. నా భార్య, నా భార్య అని చెప్తూనే ఉన్నాడంట. వెనక నుంచి తల మీద రెండు దెబ్బలు పడ్డాయి. అక్క చెయ్యి వదలకుండానే ఆమె మీదికి ఒరిగాడు.

కొట్టిన వాడు ఎవరో అక్క చూడలేదు. తెల్ల చొక్కా, ఎర్ర గుడ్డ. అందరమూ అట్లే ఉన్నాము.

హీరో వేదిక మీద నిలబడి చెయ్యి ఊపాడు. మైకు అందుకోబోతుంటే మేనేజరు చెవిలో ఏదో చెప్పాడు. పది నిమిషాల్లో కారు వెళ్లిపోయింది.

నాకు కబురు అందేసరికి బావను ఆసుపత్రికి మోసుకుపోయారు. డాక్టరు తలకు కట్టు కట్టి, ఇది నా చేతిలో లేదు, బేగా కర్నూలు తీసుకుపోండి అన్నాడు. సంఘం జీపు కోసం పరుగెత్తాను. అతిథులను బంగ్లాలో దింపి వస్తుంది, కొంచెం ఆగు అన్నాడు జనార్దనం. గంటసేపు ఆగాము. జీపు రాలేదు. చివరికి మిల్లు లారీ డ్రైవరు యోహాను పత్తి గింజల బస్తాల మీద దుప్పటి పరిచి, ఎక్కించుకున్నాడు.

నేను తల దగ్గర కూర్చున్నాను, అక్క ఆయన చెయ్యి పట్టుకుంది. పొద్దు గూకుతూ ఉంది. కొంతసేపటికి బావ కళ్లు తెరిచాడు. మమ్మల్ని గుర్తుపట్టాడు. నా చేతికి ఇంకా ఎర్ర గుడ్డ ఉంది. విప్పాలని కూడా నాకు తోచలేదు. దాని వైపు చూశాడో లేదో నాకు తెలీదు. పెదాలు కదిపితే అక్క వంగి చెవి పెట్టింది.

"ఆయన మాట్లాడినాడా?" అన్నాడు.

మా అక్క జన్మలో అబద్ధం ఆడిన మనిషి కాదు. పిల్లలను ఏమార్చడానికి కూడా ఆడేది కాదు.

"మాట్లాడినాడు. ఆళ్లగడ్డ పేరెత్తినాడు. పలకలు పంచినారంట, చానా మంచి పని అన్యాడు."

బావ ముఖం ఎట్ల అయిందో రాయడం నాకు చేతకాదు. లారీ పాణ్యం దాటకముందే ఆయన చెయ్యి చల్లబడింది. అక్క మాత్రం ఎవరికీ చెప్పొద్దని నాకు సైగ చేసింది. డ్రైవరు లారీ ఆపుతాడేమోనని ఆమె భయం. కర్నూలు దాకా ఆ చెయ్యి రుద్దుతానే ఉంది.

ఆళ్లగడ్డలో సమాధి చేశాము. పాస్టరయ్య వాక్యం చదివాడు గానీ పాట ఎత్తలేకపోయాడు. పాటల గుంపు వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. చివరికి ముసలి బాలమ్మ సన్నగా మొదలుపెట్టింది.

అక్కకు అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. సభ జరిగిన మూడో రోజు పేపర్లో చిన్న వార్త వచ్చింది. మహాసభలో తొక్కిసలాట, మహిళల వైపు దూకిన వ్యక్తి మృతి అని. అంతే రాశారు, భార్య అన్న మాట లేదు. సంఘం వాళ్లు ఇచ్చిన మాటే వాళ్లు వేశారు. పోలీసులు కూడా తొక్కిసలాట అనే రాసుకున్నారు. ఆ ఒక్క వాక్యం ఊరంతా తిరిగింది. అయ్యవారు ఆడోళ్ల మీదికి దూకినాడంట. తాగి ఉన్నాడంట. సినిమా పిచ్చోళ్లు అంతే. కొళాయి దగ్గర అక్క బిందె పెడితే మాటలు ఆగిపోయేవి. బావను ముప్పై ఏళ్లుగా ఎరిగిన వాళ్లు కూడా, ఎవరి లోపల ఏముందో ఎవరికి తెలుసమ్మా అన్నారు.

జనార్దనం ఒకసారి ఆళ్లగడ్డకు వచ్చాడు. పండ్లు తెచ్చాడు. బావ ఫోటోకు దండ వేశాడు. నిజంగానే ఏడ్చాడు. తర్వాత ఒక కాగితం తీసి, తొక్కిసలాటలో పడి చనిపోయాడని సంతకం పెడితే సంఘం మీద కేసు రాకుండా ఉంటుందన్నాడు. అక్క చదివి, పక్కన పెట్టింది. పెళ్లాన్ని లేపడానికి దూకినాడని మీ సంఘం పత్రికలో ఒక్క ముక్క వెయ్యండి, పెడతాను అన్నది. ఆమె అడిగింది అదొక్కటే.

జనార్దనం కళ్లు తుడుచుకుని, "అట్ల రాస్తే మనోళ్లే కొట్టినారని ఒప్పుకున్నట్లయితాదమ్మా," అన్నాడు.

అక్క ఆ కాగితం ఆయన చేతికిచ్చి, పండ్ల బుట్ట కూడా ఇచ్చి పంపింది.

తర్వాత ఆమె మద్రాసుకు ఉత్తరం రాసింది. నాలుగు పేజీలు. బావ బళ్లో పాటలాగా ఎక్కాలు చెప్పేది, వాళ్ల నాయన అయ్యవారూ అన్నది, పలకలు, తాడు, దెబ్బలు, పేపర్లో మాట అన్నీ రాసింది. ఆయన నోటితో ఒక్క మాట అంటే ఊరు నమ్ముతుందని ఆమె ఆశ. బావ పేరు అచ్చయిన సంఘం కాగితం మీదే రాసింది, అప్పుడైతే చూస్తారని. రెండు నెలలు పోస్టుమాను వచ్చే వేళకు గడపలో నిలబడేది. నేను వారం వారం నంద్యాల నుంచి వచ్చి పోతున్నాను. ఆ జవాబు వచ్చిన రోజు అక్కడే ఉన్నాను.

అచ్చు వేసిన కార్డు. ఒకవైపు శశిభూషణ్ నవ్వుతున్న ఫోటో, కింద సంతకం కూడా అచ్చే. రెండో వైపు, ప్రియమైన అభిమానికి, మీ ఉత్తరం నాకెంతో ఆనందం కలిగించింది, మీ అభిమానమే నా ఆస్తి అని ఉంది. పైన చేత్తో రాసింది పేరు ఒక్కటే. నతానియేలు గారికి.

అక్క దాన్ని రెండు వైపులా చూసి బల్ల మీద పెట్టింది. చింపలేదు, ఏడవలేదు. నా వైపు తిరిగింది.

"ఆ పొద్దు నువ్వు యాడ ఉన్యావు?"

"పడమటి గేటు కాడ."

"కొట్టినావా?"

అప్పటిదాకా ఆమె అడగలేదు. నేను చెప్పలేదు. రెండు నెలలుగా వారం వారం వచ్చి, పాపను ఎత్తుకుని, ఆ ఇంట్లో తిని పోతున్నాను. అవునన్నాను. ఎంతమందిని అంటే తెలీదన్నాను. ఒక్కడన్నా గుర్తున్నాడా అని అడిగింది. చేతులెత్తిన పెద్దాయన సంగతి చెప్పాను. కొడుకు పేరు పిలిచింది కూడా చెప్పాను.

"ఆయప్ప బతికుండాడా?"

"తెలీదక్కా."

"పోయి కనుక్కో. బతికుంటే నేను కొట్టినానని చెప్పు. సచ్చింటే వాళ్ల ఇంట్లోవాళ్లకు చెప్పు. చెప్పినాక రా. అంతవరకు ఈ గడప తొక్కొద్దు."

నాలుగేళ్లు పట్టింది. అన్ని రోజులూ వెతికానని చెప్తే అబద్ధం. మొదటి సంవత్సరం భయంతో కదల్లేదు. ఆమె కోపం తగ్గుతుందనుకున్నాను. రెండుసార్లు ఆళ్లగడ్డ పోయాను. బాలమ్మ అరుగు మీదనే నీళ్లిచ్చింది. అక్క లోపలి నుంచి రాలేదు. పాప కిటికీలోంచి చూసింది.

తర్వాత మొదలుపెట్టాను. ఆ రోజు పడమటి గేటుకు వచ్చింది నందికొట్కూరు లారీలు అని ఒకరు గుర్తు చేశారు. నందికొట్కూరు పోయి మద్దిలేటి అని అడిగితే వీధికొకరు ఉన్నారు. సెలవు దొరికినప్పుడల్లా పోయేవాణ్ణి. ఎవరని అడిగితే చుట్టాన్నని చెప్పేవాణ్ణి. ఒక మద్దిలేటికి తండ్రి లేడు. ఇంకొకని తండ్రి గుడ్డివాడు. ఆఖరికి సంతలో ఒక హమాలీ చెప్పాడు. మహానందయ్య అని మాతో బస్తాలు మోసేవాడు, ఎప్పుడో సినిమా సభకు పోయి భుజం విరగ్గొట్టుకొచ్చినాడు, ఇప్పుడు కొడుకుతో సున్నిపెంటలో ఉన్నాడు అని.

ఎనభై రెండులో సున్నిపెంట పోయాను. కొడుకు మద్దిలేటి డ్యాము పనుల్లో కుదిరాడు. వరసగా ఉన్న రేకుల ఇళ్లలో వాళ్లదొకటి. పెద్దాయన బయట మంచం మీద కూర్చుని ఉన్నాడు. కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడమ చేత్తో ఈగలు తోలుకుంటున్నాడు. చూడగానే గుర్తుపట్టాను. ఆయన నన్ను గుర్తుపట్టలేదు.

నిలబడే చెప్పాను. నంద్యాల సభలో నిన్ను కొట్టింది నేనే అన్నాను. ఎన్ని రోజుల నుంచో కూడగట్టుకున్న మాటలు ఇంకేవీ రాలేదు.

ఆయన నన్ను కిందికీ పైకీ చూశాడు.

"నువ్వేనా," అన్నాడు. "నాకు మొగం తెలీదప్పా. కట్టెనే గుర్తుంది."

నేను కాళ్ల దగ్గర కూర్చున్నాను. తాకబోతే కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. కోపంతో కాదు, ఇబ్బందిగా. చెయ్యి ఎంతవరకు లేస్తుందో చూపించాడు. రొమ్ము దాకా వచ్చి ఆగిపోయింది. ఆ తర్వాత మూట మొయ్యలేదు, ఎవరి ఇంట్లోనూ కూర్చుని తినని వాణ్ణి కోడలు ముందర కూర్చుంటున్నాను అన్నాడు. నా మీద నేరం మోపినట్లు చెప్పలేదు. జరిగింది చెప్పినట్లు చెప్పాడు. కొడుకుకు ఆ రోజు ఏమీ కాలేదా అని అడిగాను. వాడు వెనక పక్క నుంచి ఎప్పుడో బయటికి వచ్చేసినాడు, నేనే చూసుకోలేదు అన్నాడు.

"ఒకటి అడగాలప్పా. నేను చేతులెత్తినా గదా. నీకు కనపడలేదా?"

కనపడింది అన్నాను.

ఆయన తల ఊపాడు. ఎడమ చేత్తో కుడి చెయ్యి ఒళ్లో సర్దుకున్నాడు. చివరికి, "వచ్చి చెప్పినావు. మంచిది. మావోడు వచ్చేలోగా పో, వానికి కోపమెక్కువ," అన్నాడు. క్షమించానని అనలేదు. నేను అడగలేదు.

మరుసటి రోజు ఆళ్లగడ్డ పోయాను. అరుగు మీద నిలబడి, చెప్పొచ్చినాను అక్కా అన్నాను. ఆమె తలుపు తీసింది. నాలుగేళ్లలో జుట్టు సగం నెరిసింది. ఇంకా ముప్పై ఐదు కూడా రాలేదు. లోపల కూర్చోబెట్టి మొదటి నుంచీ చెప్పమంది. చెయ్యి ఎంతవరకు లేస్తుంది, మాట ఎట్లుంది, కోడలు బాగా చూస్తుందా, ఒక్కొక్కటీ అడిగింది. చేతులెత్తినా గదా అన్న మాట చెప్పేసరికి కొంగు నోట్లో కుక్కుకుంది. బావ పోయిన తర్వాత ఆమె ఏడవగా నేను చూడటం అదే. సమాధి దగ్గర ఏడవలేదు, కార్డు వచ్చినప్పుడు ఏడవలేదు. ముఖం కూడా తెలీని ఒక మనిషి భుజం కోసం ఏడ్చింది.

ఏడుపు ఆగినాక కళ్లు తుడుచుకుని, తలుపు వైపు చూసింది.

"నువ్వన్నా పోయినావు సుందరా," అన్నది. "మా ఆయన్ను కొట్టినోడు ఇంతవరకు రాలేదు. ఎప్పుడన్నా వస్తాడేమోనని చూస్తాండా."

అతను ఎవరో మా అరవై మందిలో ఎవరూ చెప్పలేదు. కొట్టిన వానికే తెలుసో లేదో. నేను ఒక్కొక్కరినీ కలిసి అడిగాను. అందరూ నేను కాదన్నారు. కొందరు తమ వాళ్ల మీద ప్రమాణం చేశారు. వాళ్లలో ఒకరిద్దరు ఆళ్లగడ్డ బస్సెక్కి పోయి, నేను కాదమ్మా అని చెప్పి వచ్చారంట. వాళ్లకు కూడా అక్క పీట వేసి, నీళ్లిచ్చింది.